మూడూళ్లు తిరిగిన పాపం

ఆమె పోయిన రోజు ఫాదర్ గారి బంగ్లాలో పొయ్యి వెలగలేదు. సూర్యాపేటలో మా చర్చి వెనకే ఉంటుంది ఆ బంగ్లా. అందులోకి విచారణ గురువులు, అంటే మా చర్చిని చూసుకునే ఫాదర్లు, వస్తుంటారు, బదిలీ అయి పోతుంటారు, వంట మాత్రం ఎప్పుడూ ఆమెదే. ఆ ఉదయం ఇప్పుడున్న కుర్ర ఫాదర్ హోటల్ నుంచి ఇడ్లీ తెప్పించుకుని, సగం తిని వదిలేసి, నన్ను పిలిపించారు. మీరిద్దరూ స్నేహితులు కదా టీచర్, సమాధి దగ్గర ఆమె గురించి రెండు మాటలు చెప్పండి అన్నారు.

నేను చెప్పలేదు. గొంతు పట్టేసిందని తప్పించుకున్నాను. సంఘ పెద్దలిద్దరు లేచి, ఆమె పరమ భక్తురాలని, జీవితమంతా రోజూ పూజకు వచ్చి దివ్యసత్ప్రసాదం తీసుకునేదని చెప్పారు. మొదటి మాటలో సగం నిజం ఉంది. రెండో మాటలో పావు వంతు కూడా లేదు, ఆ సంగతి అక్కడ నిలబడ్డ వాళ్లందరికీ తెలుసు. పెట్టె పక్కన నిలబడి అంత ధైర్యంగా అబద్ధమాడే వాళ్ల మధ్య నిజం చెబితే బాగుండదని ఊరుకున్నాను. అక్కడ చెప్పని రెండు మాటలు ఇక్కడ రాస్తున్నాను. పేరు రాయను. ఒకరి పేరు నలుగురి నోళ్లలో పడితే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు.

ఎత్తు తక్కువ, గొంతు ఎక్కువ. కొంగు నడుముకు దోపిందంటే ఇక ఆ వంటింట్లో ఆమె మాటే చట్టం. వచ్చిన ప్రతి ఫాదర్‌నూ నువ్వు అనే పిలిచేది. ప్రసంగం సాగదీసిన ఆదివారం, ఇయ్యాల మంచిగనే చెప్పినవ్ గని కూర అడుగంటింది అని మొహం మీదే అనేది. ఒకసారి భోజనానికి వచ్చిన బిషప్ గారు పప్పు వద్దంటే, ఉపవాసాలు చెప్పేటోళ్లకు పప్పు చేదా అని అడిగిందట. ఆయన నవ్వి రెండు గరిటెలు వేయించుకున్నారని మా వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. వేయించుకోక ఏం చేస్తారు, గరిటె ఆమె చేతిలో ఉంది.

నేను కోదాడలో టీచర్ని. రోజూ సూర్యాపేట నుంచి బస్సులో పోయి వస్తాను. పుట్టుకతో కథోలికురాలినే, అంటే పండగలకు కొత్త చీర కట్టుకుని వెనక బెంచీలో కూర్చునే రకం. ఆమెతో స్నేహం చర్చిలో కలవలేదు, బస్సులో కలిసింది. అప్పుడప్పుడు శనివారం పొద్దున కోదాడ బస్సులో చేతిలో టిఫిన్ డబ్బాతో కనిపించేది. ఎక్కడికి పెద్దమ్మా అని మొదటిసారి అడిగితే దవాఖానకు అంది. తర్వాత అడిగితే చుట్టాలింటికి అంది. ఆ తర్వాత అడిగినప్పుడు ఓడిపోయిన దానిలా నిట్టూర్చింది.

"పాపసంకీర్తనకు పోతున్న బిడ్డా. నీకు చెప్పిన రెండు అబద్ధాలు గూడ ఇగ అండ్లనే కలపాలె."

తెలియని వాళ్లకు కొంచెం చెప్పాలి. మాలో పాపాన్ని దేవుడికి చెప్పుకుంటే చాలదు, ఫాదర్ చెవిన వేయాలి. ఆయన విని, బుద్ధి చెప్పి, ప్రాయశ్చిత్తంగా కొన్ని జపాలు చెప్పమని, దేవుడి పేరున మన్నిస్తాడు. విన్నది ఆయన ప్రాణం పోయినా బయటపెట్టకూడదు. ఆ మన్నింపు ఉంటేనే పూజలో లేచి పోయి, ఫాదర్ ఇచ్చే పలచటి అప్పం, అదే సత్ప్రసాదం, తీసుకోవాలి. లేనివాళ్లు కూర్చున్న చోటే కూర్చుని, వరసలో పోయేవాళ్లకు దారిస్తూ మోకాళ్లు పక్కకు తిప్పుకోవాలి. ఆమె ఏళ్ల తరబడి అలా తిప్పుకుంటూనే ఉంది. పీఠం మీది దీపాల నూనె దగ్గర్నుంచి ఫాదర్ గారి మజ్జిగ దాకా అన్నీ చూసుకునే మనిషి, పూజలో మాత్రం ముద్ద దొరకని మనిషి.

మా వాళ్లు ఊరుకుంటారా. బంగ్లా కోళ్లు మాయం చేస్తుందని కొందరు, వయసులో ఉన్నప్పుడు ఏదో జరిగిందని కొందరు చెవులు కొరుక్కునేవాళ్లు. గట్టు జరిపి తమ్ముడి మడి కలుపుకున్న ఆసామి మొదటి బెంచీలోంచి లేచి, చేతులు జోడించి, సత్ప్రసాదానికి ముందు నడిచేవాడు. అత్తకు కూడు పెట్టని కోడలు ఆయన వెనకే. వాళ్లు తిరిగి వచ్చేటప్పుడు కూర్చుని ఉన్న ఆమె వైపు జాలిగా చూసేవాళ్లు. ఆ జాలి చూస్తే నాకు ఒళ్లు మండేది.

మన ఫాదర్ ఇక్కడే ఉండగా కోదాడ ఎందుకు అని అడిగాను. నా ప్రశ్నే ఆమెకు వింతగా తోచింది. ఇంటి ఫాదర్‌కు పాపం చెబితే, మర్నాడు కూరలో ఉప్పు ఎక్కువైనా ఆయనకు ఆ పాపమే గుర్తొస్తుందట. పైగా ఆమె పాపాల్లో సగం ఆయన గురించినవే. పాలలో నీళ్లు, దాచిన మీగడ, ఫోన్ చేసిన వాళ్లకు ఆయన లేడని చెప్పడం. ఈ చివరిది ఆయన చెప్పమంటేనే చెప్పింది కాబట్టి అది ఎవరి ఖాతాలో పడుతుందన్నది ఆమెకు తీరని సందేహం.

ఆడవాళ్లకు బస్సు ఉచితం అయ్యాక ఆమె పాపసంకీర్తనలకు మరీ రెక్కలొచ్చాయి. కోదాడతో ఆగకుండా మిర్యాలగూడ దాకా పోవడం మొదలుపెట్టింది. జీరో టికెట్ చేతిలో పట్టుకుని, సర్కారుకు గూడ నా ఆత్మ మీద ఫికర్ ఉన్నది సూడు అనేది. ఊరూరా ఫాదర్లను మనం హోటళ్ల గురించి చెప్పుకున్నట్టే చెప్పేది. కోదాడ ఫాదర్ కోస్తా వైపు మనిషి, మాట మెత్తన గాని తొందర ఎక్కువ. మిర్యాలగూడలో ఒకాయన వింటూ వింటూ కునుకు తీస్తాడు, లేపి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఈస్టర్‌కు ముందు తపస్సుకాలంలో వచ్చే బయటి ఊరి ఫాదర్లలో ఒకాయన దగ్గర సెంటు వాసన, ఆ వాసనకు పాపాలు గుర్తు రావు. అందరికీ డబ్బాలో పచ్చడి పట్టుకుపోయేది. అది లంచం కదా పెద్దమ్మా అంటే, లంచమైతే పని కావాలె గద, నా పని అయితలేదు అంది.

పని కావడం లేదని అప్పుడే నాకు తెలిసింది. చివ్వెంల దాటాక బస్సులో జనం పలచబడ్డారు. మా ముందు సీటు ఖాళీ అయ్యాక, వెనక ఎవరున్నారో ఒకసారి చూసుకుని, ఆ పాపం ఏమిటో నాకు చెప్పింది. నేను ఈ విచారణకు, అంటే ఈ చర్చి పరిధిలోకి, రాకముందు సంగతి.

సిస్టర్ల హాస్టల్లో ఉండి చదువుకున్న ఒక పిల్ల సెలవుల్లో బంగ్లా వంటింట్లో ఆమెకు సాయం చేసేది. ఆ పిల్లకు నర్సింగులో సీటు వచ్చింది. సరిగ్గా అప్పుడే తండ్రి మాడుగులపల్లి సంబంధం ఖాయం చేశాడు. పెళ్లికొడుకుకు మోటార్లు వైండింగ్ చేసే షాపుంది. తాగడు, ఎవరినీ ఒక మాట అనడు, వంక పెట్టడానికి ఏమీ లేదు. పిల్ల మాత్రం ఉల్లిగడ్డలు కోసే నెపంతో రోజూ వంటింట్లో ఏడ్చేది. పిల్లకు చదువుకోవాలని ఉందని ఆమె పోయి తండ్రికి చెప్పింది. నీ వంట నువ్వు చూసుకో అన్నాడాయన.

మాలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పూజ చివర్లో ప్రకటన చదువుతారు. ఫలానా వారి కుమారుడికి ఫలానా వారి కుమార్తెతో వివాహం నిశ్చయమైంది, ఏదైనా ఆటంకం తెలిసినవారు విచారణ గురువుకు తెలియజేయాలి అని. ఎవరైనా ఏదైనా తెలియజేయగా నేనెప్పుడూ చూడలేదు. జనం అప్పటికే చెప్పుల కోసం వెతుక్కుంటూ ఉంటారు. ఆమె మాత్రం రెండో ఆదివారం మధ్యాహ్నం, అప్పటి ముసలి ఫాదర్‌కు చేపల పులుసు వడ్డిస్తూ, ఆ పిల్లవాడికి హాలియాలో ఇదివరకే పెళ్లయిందని తెలియజేసింది.

"తెలిసినోళ్లు చెప్పాలన్నరు," అంది నాతో. "నేను తెలువకుండనే చెప్పిన."

ముసలి ఫాదర్ ముద్ద కంచంలోనే వదిలేసి లేచారు. మూడో ఆదివారం ఆ ప్రకటన చదవలేదు. ఆయన హాలియాలో ఆరా తీయించి, అలాంటిదేమీ లేదని తేల్చుకునేలోపే రెండు కుటుంబాలు ఒకరినొకరు అనరాని మాటలన్నీ అనుకున్నాయి. సంబంధం చెడింది. చెప్పిందెవరో ఫాదర్ ఎవరికీ చెప్పకుండానే బదిలీ అయి పోయారు. పిల్ల నర్సింగ్ చదివింది, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. తన పెళ్లి ఎలా చెడిందో ఆ పిల్లకు కూడా తెలియదు.

ఇందులో చిక్కు ఏమిటంటే, ఆమెకు ఏమాత్రం బాధ లేదు. మన్నింపు కావాలంటే పశ్చాత్తాపం ఉండాలి, ఇక ముందు చేయనని మాటివ్వాలి. పశ్చాత్తాప జపం చివర్లో ఆ మాట ఉంటుంది. పూజలో అందరం గడగడా చదివే ఆ జపంలో ఆమె సరిగ్గా అక్కడికి వచ్చేసరికి నోరు మూసుకునేది. కోదాడ ఫాదర్‌తో జరిగిన సంభాషణ నాకు రెండు గొంతులతో చేసి చూపించింది.

"పశ్చాత్తాపం ఉందా అమ్మా?"

"లేదు ఫాదర్."

"అబద్ధం చెప్పినందుకు కొంచెమైనా బాధ లేదా?"

"పిల్ల నర్సయింది ఫాదర్."

"మళ్లీ ఎప్పుడైనా అలాంటి పరిస్థితి వస్తే చెప్పరు కదా?"

"చెప్త."

అయితే మన్నింపు ఇచ్చే అధికారం నాకు లేదమ్మా అన్నాడట ఆయన. పోనీ దీన్ని వదిలేసి మిగతా పాపాలకు ఇవ్వమంది. అలా విడగొట్టి ఇవ్వరన్నాడు. మార్కెట్లో పుచ్చు వంకాయ తీసి పక్కన పెట్టి మిగిలినవి జోకుతరు గద ఫాదర్ అని ఆమె బేరం పెట్టింది. ఆయన తల పట్టుకుని, వెనక వరసలో జనం ఉన్నారమ్మా అన్నాడు. పచ్చడి డబ్బా మాత్రం ఉంచుకున్నాడు.

నాకు నవ్వాగలేదు. బాధగా ఉందని ఒక్క మాట అనేస్తే పోతుంది కదా పెద్దమ్మా, ఆయనేమన్నా నీ గుండె కోసి చూస్తాడా అన్నాను. ఆమె నా వైపు తిరిగి, బడిలో పిల్లలకు గిదే నేర్పుతవా అంది. మునగాల దాటాక తనే మొదలుపెట్టింది.

"గా చెవుల గూడ అబద్ధమే ఏస్తే, ఇగ దాన్ని ఏడికి పోయి కడుక్కోవాలె బిడ్డా. నాకు గుండె మంచిగ లేదన్నరు దవాఖానల. సచ్చేలోపు ఒక్కసారన్న ప్రసాదం తీసుకోవాలని ఉన్నది. పెండ్లింట్ల పొద్దంత వండి, తినకుంట ఇంటికి పోయినట్టున్నది నాకు."

అప్పటిదాకా ఆమె ప్రయాణాలు నాకు వినోదం. ఆ మాటతో నవ్వు పోయింది. దేవుడికి మనిషికి మధ్య ఇన్ని షరతులు ఎందుకు పెట్టారని నాకు మా మతం మీద కోపం వచ్చింది. ఆమెకు రాలేదు. షరతు సరైందే, నా దగ్గరనే సామాను లేదు అనేది. లేని సామాను ఉందని చెప్పి తెచ్చుకునే మన్నింపు ఆమెకు అక్కర్లేదు. దొరికే చోటు ఏదో ఉంటుందని బస్సులు మారుతూ తిరిగింది.

మొన్నటి తపస్సుకాలంలో మిర్యాలగూడలో ఒక విశ్రాంత ఫాదర్ దగ్గరికి పోయింది. చేతులు వణికే ముసలాయన. అంతా విని పశ్చాత్తాపం ఉందా అని అడగలేదట. ఆ సాయంత్రం బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చింది. నేను ఇచ్చిన టీ ముట్టుకోలేదు.

"గా ముసలాయన నన్ను ఖరాబ్ చేసిండు బిడ్డా. ఆ పిల్లగాడు ఇప్పుడెట్లున్నడమ్మా అని అడిగిండు. నాకు తెల్వదన్న. తెలుసుకొని రా అన్నడు. ఇన్నొద్దులు అందరు నా ఆత్మ ఎట్లున్నదనే అడిగిన్రు. వాడు ఎట్లున్నడని ఎవలు అడగలే. నేను గూడ అడగలే."

రెండో శనివారం నాకు సెలవు. మిర్యాలగూడలో దిగి, నల్గొండ బస్సెక్కి, మాడుగులపల్లిలో దిగాం. వైండింగ్ షాపు రోడ్డు మీదే ఉంది. విప్పేసిన మోటార్ల మధ్య నలభై దాటిన మనిషి ఒకాయన కూర్చుని రాగి తీగ చుడుతున్నాడు. గోడ మీద బైబిల్ వాక్యం రాసిన క్యాలెండర్ ఉంది, సిలువ గాని మరియమ్మ బొమ్మ గాని లేవు. ఇప్పుడు మా కథోలికులు కాదు, ప్రార్థన మందిరానికి పోయే విశ్వాసులని చూడగానే అర్థమైంది. పంపు చెడిందా అమ్మా అని అడిగాడు. ఆమె నిలబడే చెప్పింది. గొంతు తగ్గించడం రాని మనిషి ఆ రోజు చాలా చిన్నగా మాట్లాడింది.

"నీకు హాలియాల పెండ్లయిందని ఫాదర్‌కు చెప్పింది నేనే కొడుకా. నాకేం తెల్వదు. ఉత్తగనే చెప్పిన."

అతని చేతులు ఆగాయి. తీగ వదులై చుట్టలన్నీ జారిపోయాయి. ఆమెను తిడతాడనుకున్నాను, లేదా గెంటేస్తాడనుకున్నాను. అతను జారిన తీగను చూస్తూనే మాట్లాడాడు.

"మా అమ్మ హాలియాకు పోయింది. ఇల్లిల్లు తిరిగింది. నా కొడుక్కు గీడ పెండ్లయిందా, జర నిజం చెప్పుండ్రి అని అడిగింది. లేదన్నోళ్ల కాళ్లు మొక్కి, గదే మాట వచ్చి మా ఫాదర్‌కు చెప్పుండ్రి అని బతిమాలింది. ఎవలు రాలే. జనం పిచ్చిదన్నరు. ఒక్కతే తిరిగొచ్చి పండుకున్నది. మళ్ల మంచిగ లేవలే. నా పెండ్లి సూడకుంటనే పోయింది."

ఆమె అక్కడున్న స్టూలు పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. లోపలి నుంచి అతని భార్య మంచినీళ్లు తెచ్చి, మా ముఖాలు చూసి, అక్కడే పెట్టి వెళ్లిపోయింది. తర్వాత కూడా చాలా సంబంధాలు తప్పిపోయాయని, చివరికి ప్రార్థన మందిరం వాళ్లే అతనికి పెళ్లి చేశారని, అప్పటి నుంచి చర్చి గడప తొక్కలేదని ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మీలాగా మాకు పాపసంకీర్తన లేదు, దేవునికే చెప్పుకుంటాం అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఉంది. దేవునికి నేను గూడ చెప్పిన, ఆయన నిన్ను అడగమన్నట్టున్నడు అంది ఆమె.

"క్షమించిన అని మాత్రం నా నోట్లెకెళ్లి రాదు."

"గది అడుగనీకి రాలే కొడుకా. నువ్వు ఎట్లున్నవో సూసి పోదామని వచ్చిన."

అతను తల ఎత్తి మొదటిసారి ఆమెను చూశాడు. "మూడో ఆదివారం మా పేర్లు చదవలే. చర్చి మొత్తం గది సూసింది. నాకొక్కనికి చెప్తే ఏం లాభం. గాడనే, గంత మంది ముంగట చెప్పు."

తిరుగు ప్రయాణంలో ఆమె కిటికీకి తల ఆనించి కూర్చుంది. కండక్టర్ వచ్చి ఆధార్ కార్డు చూపమంటే కూడా కదల్లేదు, ఆమె సంచీలోంచి నేనే తీసి చూపించాను. మిర్యాలగూడ చేరేముందు నా చేయి పట్టుకుంది. ఇప్పుడొచ్చింది బిడ్డా అంది. గుండె నొప్పేమోనని నేను కంగారుపడి, బస్సు ఆపించడానికి లేవబోయాను. నన్ను లాగి కూర్చోబెట్టింది. గది కాదు, బాధ వచ్చింది అంది. అని ఏడ్చింది. ఊరూరా తిరిగి వెతికిన పశ్చాత్తాపం మాడుగులపల్లిలో మోటార్ల షాపులో దొరికింది. ఆమె ముఖం చూస్తే ఇంకొన్నాళ్లు దొరక్కపోయినా బాగుండేదనిపించింది నాకు. నేను కూడా ఏడ్చాను.

పిల్ల చదువుకున్నందుకు మాత్రం బాధ రాలేదని సూర్యాపేట బస్సెక్కాక స్పష్టం చేసింది. బాధ ఆ తల్లి గురించి. ఆ రెండిటికీ కలిపి పశ్చాత్తాపపడమంటే మళ్లీ తన వల్ల కాదంది.

మర్నాడు ఆదివారం. సత్ప్రసాదం అయిపోయింది, ఎప్పటిలాగే మోకాళ్లు పక్కకు తిప్పి అందరికీ దారిచ్చింది. కుర్ర ఫాదర్ ప్రకటనలు చదవడం మొదలుపెట్టారు. ఆ రోజు ఒక పెళ్లి ప్రకటన ఉంది. ఏదైనా ఆటంకం తెలిసినవారు తెలియజేయాలి అని ఆయన చదివారో లేదో, ఆమె లేచి నిలబడింది.

చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. పెళ్లికూతురి తండ్రి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెళ్లికూతురి తల్లి బెంచీ పట్టుకుని లేవబోయింది. ఇంత మంది ఇంత శ్రద్ధగా ప్రకటనలు వినడం మా విచారణ చరిత్రలో అదే మొదటిసారి.

"గీ పెండ్లికి కాదు, కూసోండ్రి," అంది ఆమె.

తర్వాత చెప్పింది. మాడుగులపల్లి పిల్లవాడికి అప్పుడు పెళ్లి కాలేదని, తనే అబద్ధం చెప్పిందని, ఆ అబద్ధాన్ని కడగడానికి వాళ్లమ్మ హాలియాలో ఇల్లిల్లు తిరిగి, ఆ దిగులుతోనే పోయిందని చెప్పింది. అతని పేరు, ఇంటిపేరు, తల్లి పేరు అన్నీ గట్టిగా చెప్పింది. పిల్ల పేరు చెప్పలేదు, అయినా తెలియని వాళ్లు లేరు. చెప్పి కూర్చుంది. ఫాదర్ గారు చేతిలో కాగితం వైపు, ఆమె వైపు రెండు మూడుసార్లు చూసి, ప్రార్థించుదము అన్నారు. పాపం, కుర్రాడు, ఇంకేమనాలో తోచలేదు.

ఆ తర్వాత రావలసినవన్నీ వచ్చాయి. నర్సయిన ఆ పిల్ల తండ్రి బంగ్లా వాకిట్లో నిలబడి, నా బిడ్డ పెళ్లి చెడగొట్టింది నువ్వా అని అరిచాడు. కూతురి ఉద్యోగం గురించి ఊరంతా చెప్పుకు తిరిగేది కూడా ఆయనే. ఇలాంటి మనిషిని వంటలో ఉంచకూడదని సంఘ పెద్దలు తీర్మానించారు. ఆలోచిస్తానన్నారు ఫాదర్. ఆ మధ్యాహ్నం ఆమె గుత్తి వంకాయ వండింది. ఆయన ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

ఆ వారంలోనే ఆమె పాపసంకీర్తన చేసింది. ఏ ఊరికీ పోలేదు. గ్యాస్ కట్టేసి, చేతులు తుడుచుకుని, చర్చిలోకి పోయి, తను రోజూ అన్నం పెట్టే ఫాదర్ ముందే మోకరించింది. పాలలో నీళ్లతో సహా అన్నీ చెప్పి, పశ్చాత్తాప జపం ఈసారి చివరి మాట దాకా చదివిందట. ప్రాయశ్చిత్తంగా నిమిషంలో అయిపోయే మంగళవార్త జపాలు కేవలం మూడు చెప్పమన్నారని నా దగ్గర గోల పెట్టింది. ఒక తల్లి ఉసురుకు గింతేనా, కొత్త ఫాదర్లకు ఏం తెల్వదు అంది. నువ్వు ఇంకో నాలుగు చెప్పుకోరాదా అంటే, ఇప్పటికే జపమాల మొత్తం చెప్పానంది.

మరుసటి ఆదివారం ఆమె లేచి వరసలో నిలబడింది. దారిస్తుందని అలవాటుగా అడుగేసిన పక్కామె ఆమె మీద పడబోయింది. నేను వెనక బెంచీలోంచి మెడ చాచి చూశాను. ముందుకు పోతున్న కొద్దీ ఆమె నడక చిన్నదైపోయింది. తిరిగొచ్చి, ముఖం కొంగులో దాచుకుని చాలాసేపు కూర్చుంది. బయటికొచ్చాక ఎట్లున్నది పెద్దమ్మా అని అడిగాను.

"ఉప్పు లేదు," అంది. కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

కొన్ని వారాలు అలా తీసుకుంది. తర్వాత ఒక పొద్దున బియ్యం కడుగుతూ కూలబడింది, దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. మాడుగులపల్లికి తను మళ్లీ పోలేదు. పోయి చెప్పిరమ్మని నన్ను అడగలేదు. అతనికి తెలిస్తే తెలుస్తుంది, నేను చేసిన పనికి రసీదు అడగొద్దు అంది ఒకసారి.

సమాధుల తోటలో పెద్దల ఉపన్యాసాలు అయ్యాయి, జనం గుప్పెడేసి మన్ను వేసి వెళ్తున్నారు. గేటు బయట బండి మీద మాడుగులపల్లి అతను కనిపించాడు. ఎవరో ఫోన్ చేసి చెప్పారట. లోపలికి రాలేదు. నేనే దగ్గరికి పోయాను.

"చర్చిల చెప్పిందంట గద," అన్నాడు. "మా అమ్మ పేరు గూడ చెప్పిందా?"

చెప్పిందన్నాను. హాలియా సంగతి కూడానా అని అడిగాడు. ఇల్లిల్లు తిరిగిన సంగతి, దిగులుతో పోయిన సంగతి, అన్నీ గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పిందన్నాను. అతను బండికి స్టాండు వేసి, చెప్పులు విడిచి, లోపలికొచ్చాడు. అప్పటికి గొయ్యి సగం పైగా పూడ్చారు. వంగి దోసిలి నిండా మన్ను తీసుకుని వేశాడు. మళ్లీ తీసుకుని వేశాడు. గేటు దగ్గరి నీళ్ల డ్రమ్ము దాకా నాతో నడిచొచ్చాడు.

"గిది క్షమించుడు కాదు టీచర్," అన్నాడు. "మన్ను ఎవలకైన ఎయ్యాలె."

అవునన్నాను. డ్రమ్ములో చెంబు ముంచి అతని చేతుల మీద నీళ్లు పోశాను. చాలాసేపు కడుక్కున్నాడు.